బెల్టుకి తగిలిన సూది

సీటు ఇంటికి వచ్చింది. అందులో పాప లేదు.

కొడుకు దాన్ని తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గదిలోకి వెళ్లిపోయాడు. వెనకే కోడలు వచ్చింది. చెప్పులు విడుస్తూ అత్తగారి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆమె కూడా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

పొద్దుటినుంచీ గదులు కడిగి, ఉతికిన దుప్పట్లు పరిచి, వీధి వైపు వెయ్యి కళ్లతో చూసిన సీట్ల మేస్త్రి నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఆయన భార్య నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి కూడా పెదవి విప్పలేదంటే విషయం చిన్నది కాదని ఆయనకి అర్థమైంది.

"పాపకేమైంది?" అన్నాడు చివరికి.

"పాపకేం కాలేదు. బాగానే ఉంది. దారిలోంచి కోడలు ఫోన్ చేసి చెప్పింది. పరీక్షలో గట్టెక్కలేదట, అంతే."

"జానెడు పిల్లకి పరీక్షేంటి?"

"మొన్న చెప్పినప్పుడు మీరు వింటేగా! నెలలు నిండకుండా పుట్టినవాళ్లని ఇంటికి పంపేముందు వాళ్ల కారు సీటులోనే గంటన్నర కూర్చోబెడతారు. కాలికి తీగ తగిలించి ఊపిరి ఎలా ఆడుతోందో చూస్తారు. మన పిల్ల కాసేపటికే తల ముందుకి వాల్చేసిందట. గడ్డం వెళ్లి గుండెకి ఆనుకుందట. ఊపిరి తగ్గేసరికి మిషను మోగింది, నర్సు చప్పున ఎత్తుకుంది. రేపు మళ్లీ చూస్తారు."

"తల ముందుకెందుకు వాలుతుంది? వెనక అంత మెత్తగా..."

మేస్త్రి మాట మధ్యలోనే ఆగిపోయింది. భార్య ఆయన్ని చూడకుండా కిటికీ వైపు చూస్తోంది.

బల్ల మీద సీటు నీలం మఖ్మలుతో నిగనిగలాడుతోంది. వీపుకి ఒక మెత్త, తల వెనక ఇంకో మెత్త, భుజాల పట్టీలకి రెండు తొడుగులు. తన దుకాణంలో మిగతా పనులన్నీ పక్కన పెట్టి, మెత్తటి స్పాంజి ఏరి ఏరి తెచ్చి, ఆయన స్వయంగా కుట్టినవి. ఊళ్లో సగం బస్సుల సీట్లు ఆయన చేతిమీదుగా వెళ్లినవే. డ్రైవరు నడక చూసి, నడుములో నొప్పి ఏ పక్కన ఉందో చెప్పి, అక్కడ కాస్త స్పాంజి పెంచి పంపేవాడు.

అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని, పాపకి సీటు కొనేముందు కోడలు ఒక్క మాటయినా అడగలేదు. కడుపుతో ఉన్నప్పుడే పుస్తకాలు ముందేసుకుంది. దుకాణం దుకాణం తిరిగింది. తమ కారులో ఏది కదలకుండా కూర్చుంటుందో బిగించి చూపించమని దుకాణంవాళ్ల ప్రాణం తీసింది. చివరికి పాప వెనక్కి తిరిగి కూర్చునే ఈ సీటు ఎంచుకుంది. కోడలు చాలా తెలివైనదని మేస్త్రి అందరితోనూ గొప్పగానే చెప్పుకున్నాడు. కానీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఆయనకి అలగడం చేతకాదు. అందుకని కుట్టాడు.

గదిలోంచి గొంతులు వినపడుతున్నాయి.

"నర్సుతో నువ్వెందుకలా చెప్పావు?" కొడుకు అడుగుతున్నాడు.

"ఎలా చెప్పాను?"

"ఆ మెత్తలన్నీ నువ్వే పెట్టావని. అందరి ముందూ ఆవిడ నీకు క్లాసు పీకుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది."

"పీకితే పీకింది. మామయ్య కుట్టారని చెప్పాననుకో, రేపు ఆయన ఆస్పత్రికొస్తే ఆవిడ ఎలా చూస్తుంది?"

"ఎలా చూస్తే ఏంటి? అక్కడ మన పిల్లకి ఊపిరాడక..."

"మెల్లగా. బయట ఉన్నారు."

"విననీ!"

"వద్దు. ఆ సీటు నా చేతికిచ్చేటప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదు. నేను చూశాను."

కాసేపటికి ఎవరో ముక్కు చీదుకున్నారు.

కోడలు తిట్టుంటే బాగుండేది. నాలుగు మాటలు పడి, నాలుగు మాటలు అని, సాయంత్రానికి టీ దగ్గర కలిసిపోయేవాళ్లు. ఇలా తన తప్పు ఆ పిల్ల నెత్తిన వేసుకుంటే ఆయనెక్కడికి పోతాడు?

"విన్నారుగా," అంది భార్య గొంతు తగ్గించి. "కొన్న వస్తువుకి మన పైత్యం జోడించకూడదు. మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు."

"అప్పుడు చెప్పలేకపోయావా? నీలం రంగు ఎంచింది నువ్వేగా!"

"రంగు అడిగారు, చెప్పాను. పని మంచిదా కాదా అని అడిగారా?"

మేస్త్రి సీటు ఎత్తుకుని వరండాలోకి వెళ్లాడు. కిందకి దిగుతున్న ఎండలో పీట వేసుకుని కూర్చుని, జేబులోంచి బ్లేడు తీశాడు.

తల వెనక మెత్త మొదట వచ్చేసింది. దాన్ని చేత్తో నొక్కి చూశాడు. బస్సు డ్రైవరు తల దీనికి ఆనిస్తే సుఖంగా నిద్రపోతాడు. మెడ నిలవని పిల్లకి మాత్రం ఇది వెనకనుంచి తోసే చెయ్యి. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? పెద్దవాళ్ల వీపులు కొలిచి కొలిచి, పాపని కూడా చిన్న సైజు డ్రైవరు అనుకున్నాడు. ఆ ఆలోచనకి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

వీపు మెత్త కూడా ఊడివచ్చింది. ఇక భుజాల తొడుగులు మిగిలాయి. కుడి తొడుగు కుట్టులో బ్లేడు పెట్టినవాడల్లా ఆగిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. తొడుగులు పట్టీ మీద నిలవకుండా కిందకి జారిపోతుంటే, విసుగొచ్చి, పట్టీని కూడా కలిపి కుట్టు మిషను మీద ఒక వరస లాగేశాడు. రెండు భుజాలకీ. పెద్ద సూదితో, సీట్లకి వాడే మందపాటి దారంతో.

బెల్టుకి సూది తగలకూడదు. దుకాణంలో పనికి చేరిన ప్రతివాడికీ ఆయన మొదటి రోజు చెప్పే మాట అదే. సీటు గుడ్డ చిరిగితే అతుకేయొచ్చు, స్పాంజి నలిగితే మార్చొచ్చు. బెల్టు సంగతి వేరు. మనిషిని పట్టి ఆపే పోగులు అవి. సూది వాటిలో ఎన్ని తెంపుతుందో పైకి కనపడదు, బండి దేనికైనా గుద్దుకున్నప్పుడే బయటపడుతుంది. అలాంటి మేస్త్రి ఆ రోజు పట్టీ చేతిలో పట్టుకుని, ఇది పాప భుజానికి గరుగ్గా తగులుతుందేమో అని మాత్రమే చూశాడు. ఇదే పాపని పట్టుకోవాలని చూడలేదు. ఈకంత పిల్ల, దీనికేం బరువుందిలే అనుకున్నాడు.

దారం లాగేశాడు. సన్నటి చిల్లులు వరసగా బయటపడ్డాయి. గోటితో రుద్దితే మూసుకున్నట్టే కనిపించాయి. నల్లటి పట్టీ మీద ఇంకెవరికీ తెలియదు. బొటనవేలికి మాత్రం తెలుస్తూనే ఉంది.

"విప్పేశారా మామయ్యా?"

కోడలు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ మొహం కడుక్కుని వచ్చింది. కింద పడున్న నీలం ముక్కల్ని ఏరి ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది.

"ఇవి పారెయ్యకండి. కొంచెం పెద్దయ్యాక దిండు కుడుదురు."

"అమ్మాయ్..."

"ఊఁ?"

మేస్త్రి పట్టీ వదల్లేదు. చిల్లుల మాట నోటిదాకా వచ్చింది. కోడలు దారపు పోగు ఒకటి మఖ్మలు మీంచి తీస్తూ, ఆయన వైపు చూడకుండా అడిగింది.

"రేపు పాసవుతుంది కదా మామయ్యా?"

ఆ గొంతులో ఇంకొక్క దెబ్బ పడినా నిలవనంత అలసట ఉంది. నెలకి పైగా ఆ పిల్ల రోజూ ఆస్పత్రికి వెళ్లి, పాప ఉన్న గాజుపెట్టె పక్కన కూర్చుని, ఖాళీ చేతులతో ఇంటికొస్తోంది.

"అవుతుందమ్మా. ఎందుకవదు?" అన్నాడు మేస్త్రి.

పరీక్ష అంటే కదలని సీటులో కూర్చోవడమే కదా, దానికి ఈ చిల్లులతో పనిలేదు, అయ్యాక చెబుదాం అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. టీ చల్లారిపోయింది.

*

మర్నాడు పిల్లల వార్డులో నర్సు సీటుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడు సీటులా ఉంది," అని కోడలి వైపు చూసి నవ్వింది. "నిన్న మహారాజుగారి సింహాసనం తెచ్చారు."

మేస్త్రి నేల చూపులు చూశాడు. కోడలు "నాదే పొరపాటండీ" అంది మళ్లీ, అలవాటైన అబద్ధంలా.

నర్సు పాపని సీటులో కూర్చోబెట్టింది. వెనక ఏమీ పెట్టలేదు. తల పక్కకి ఒరగకుండా రెండు వైపులా చిన్న తువ్వాళ్లు చుట్టిపెట్టింది. పట్టీ బిగించి, భుజం దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "ఇలా పట్టుకుంటే వేళ్లకి మడత దొరకకూడదమ్మా. దొరికిందంటే ఇంకా వదులున్నట్టు." సరిగ్గా ఆ చిల్లుల మీదే ఆవిడ వేళ్లు ఉన్నాయి. ఆవిడ ఏమీ గమనించలేదు.

కొడుకు కింద కారులో సీటుని తగిలించే అడుగుభాగం బిగిస్తున్నాడు. మేస్త్రి భార్య సంచులతో కింద బెంచీ మీద కూర్చుంది. అద్దానికి ఇవతల మామా కోడళ్లు ఇద్దరే మిగిలారు. అవతల పాప, పక్కన తెర మీద అంకెలు.

మొదట ఇద్దరూ అంకెలే చూశారు. తర్వాత కోడలు పాపని చూడటం మొదలుపెట్టింది, మేస్త్రి కోడలిని చూడటం మొదలుపెట్టాడు.

"మామయ్యా, మీకొకటి చెప్పాలి," అంది ఆమె.

"చెప్పమ్మా."

"నిన్న గోడలకి చెవులున్నాయని నాకు తెలుసు. మీరు విన్నారు. బాధపడ్డారు."

"తప్పు నాది. బాధపడకపోతే ఎలా?"

"మీది కాదు. సీటుతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, వాళ్లిచ్చినవి తప్ప బయటివేవీ పెట్టొద్దని. నేను చదివాను. మీరు తెచ్చిచ్చినప్పుడు నాకు గుర్తుంది కూడా." ఆమె అద్దం మీద వేలితో గీత గీసింది. "సీటు కొనేముందు మిమ్మల్ని అడగలేదని మీకు కష్టమనిపించిందని తెలుసు. ఇది కూడా వద్దంటే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాను. ఇన్ని సీట్లు కుట్టినాయనకి తెలీదా అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను."

"అడగలేదని నాకేం కష్టం లేదమ్మా," అన్నాడు మేస్త్రి. అదీ అబద్ధమే. ఆ ఇంట్లో అందరూ ఒకరి కోసం ఒకరు అబద్ధాలు చెప్పడంలో ఆరితేరిపోయారు.

"ఉంది. ఉండాలి కూడా. నాన్న లేని పిల్లనని పెళ్లయిన కొత్తలో మీరు నాకు కుర్చీ కుట్టిచ్చారు, గుర్తుందా? చదువుకోవడానికి. అలాంటి మనిషిని పాపకి సీటు కొనేటప్పుడు అడగొద్దా? అడిగితే మీరు సరేనంటారు, నేను ఏది చెబితే దానికి సరేనంటారు. అందుకే అడగలేదు."

"మరి సరేననక?"

"అదే మామయ్యా మీతో వచ్చిన చిక్కు."

అవతల పాప ముక్కు చిట్లించింది. అంకె కొంచెం తగ్గింది. ఇద్దరూ అద్దానికి అతుక్కుపోయారు. నర్సు లేవలేదు. పాప పెదవులు రెండుసార్లు కదిపి, ఎవరో తనని మెచ్చుకున్నట్టు చిన్నగా మూలిగి, మళ్లీ నిద్రలోకి జారింది. తల నిలిచే ఉంది. అంకె పైకి వచ్చింది.

చెప్పు, ఇప్పుడే చెప్పు, అనుకున్నాడు మేస్త్రి. ఆమె మనసు విప్పి చెప్పింది, నువ్వూ చెప్పు. కానీ కోడలు అరచేతులు రెండూ అద్దం మీద ఆనించి నిలబడింది. ఆ చేతుల్ని అక్కడినుంచి లాగెయ్యడం ఆయన వల్ల కాలేదు.

గంటన్నరయ్యాక నర్సు తీగలు తీసి, తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

"తీసుకెళ్లండి. మీ పిల్ల మీ దగ్గర పడుకునే రోజొచ్చింది."

కోడలు నవ్వింది. నోరంతా తెరిచి, చిన్నపిల్లలా, ఏడుపుతో కలిసిన నవ్వు. నర్సుని పట్టుకుంది. తర్వాత మామగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. మేస్త్రి మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

*

కారు ఆస్పత్రి మెట్ల పక్కనే ఉంది. కొడుకు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. సీటు అడుగుభాగాన్ని రెండు చేతులతో కుదిపి, కదలట్లేదని భార్యకి చూపించి మురిసిపోయాడు. కోడలు పాప ఉన్న సీటుని చేతికి తగిలించుకుని, అద్దాల బుట్ట మోస్తున్నట్టు ఒక్కో మెట్టూ దిగింది. అత్తగారు రెండు చేతుల్లో సంచులతో వెనకే నడిచింది, నడుస్తూనే ముందు వెళ్లేవాళ్లందరినీ పక్కకి జరగమని అరుస్తోంది.

మేస్త్రి అందరికంటే ముందు కారు దగ్గరికి వెళ్లి, తెరిచిన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు నాన్నా," అన్నాడు కొడుకు.

"ఇందులో వద్దు."

"ఏంటి?"

"ఆ సీటులో పాపని తీసుకెళ్లొద్దు. బెల్టుకి సూది తగిలింది."

ఎవరికీ అర్థం కాలేదు. మేస్త్రి గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు.

"తొడుగులు జారిపోతున్నాయని మిషను మీద కుట్టేశాను. పట్టీతో కలిపి. నిన్న విప్పేశాను కానీ, లోపల పోగులు తెగాయో లేదో నాకు తెలీదు. కారు దేనికైనా గుద్దుకుంటే ఆగుతుందో లేదో తెలీదు."

కొడుకు మొహం ఎర్రబడింది. "నువ్వే కదా నాన్నా! బెల్టు దగ్గర సూది పెట్టానని చిన్నప్పుడు నా చెవి మెలేసింది నువ్వే కదా!"

"నేనే."

"మరి ఏంటిది? నిన్నట్నించీ తెలిసి కూడా..."

"ఆగు," అంది కోడలు.

ఆమె సీటుని అక్కడే మెట్టు మీద దించి, మోకాళ్ల మీద కూర్చుంది. పట్టీ అంచు వెంట బొటనవేలు మెల్లగా జరిపింది. ఒకచోట వేలు ఆగింది. రెండో భుజం చూసింది. అక్కడా ఆగింది. పైకి లేచేసరికి ఆ నవ్వు మొహం మీద లేదు.

బకిల్ విప్పి పాపని ఎత్తుకుంది. భర్త వైపు చూసింది, అతను కోపంగా మొహం తిప్పుకున్నాడు. అత్తగారి చేతుల నిండా సంచులు. కోడలు రెండడుగులు వేసి పాపని మేస్త్రి చేతుల్లో పెట్టింది.

"తల కింద చెయ్యి పెట్టండి," అంది. అంతకంటే ఒక్క మాట లేదు.

ఇన్నాళ్లూ అద్దంలోంచి చూసిన పిల్ల. మేస్త్రి ఎత్తుకోవడం ఇదే మొదలు. ఈకంత అనుకున్నది, బరువుగానే ఉంది. వెచ్చగా, నిజంగా, చెయ్యి కదిపితే తప్పు జరుగుతుందేమో అనిపించేంత బరువుగా ఉంది. ఆయన కళ్లు మసకబారాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

కోడలు సీటుని డిక్కీలో పెట్టి మూత వేసింది. వెళ్లి కారులో ముందు కూర్చుంది. కొడుకు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. తలుపులు పడ్డాయి. ఇంక ఈ జన్మకి కోడలు తనతో మాట్లాడదనుకున్నాడు మేస్త్రి.

అప్పుడు ఆమె పక్క అద్దం కిందకి దిగింది.

"నిన్న నేను టీ తెచ్చినప్పటికే మీకు తెలుసు కదా మామయ్యా?"

"తెలుసు."

"ఇందాక పైన, నేను అంతా చెప్పినప్పుడు కూడా నోరు విప్పలేదు."

"లేదు."

"ఎందుకు?"

"నిన్న నీ గొంతు విని చెప్పలేకపోయాను. ఇవాళ నీ నవ్వు చూసి చెప్పలేకపోయాను. పాప పుట్టాక నువ్వు నవ్వగా చూడటం ఇదే మొదలమ్మా."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కోపమో, జాలో, ఇంకేమైనానో మేస్త్రికి తెలియలేదు.

"మీ సంతోషం చూసి నేను నోరు మూసుకున్నాను. నా నవ్వు చూసి మీరు మూసుకున్నారు. మన మొహమాటాల మధ్య దీన్ని ఎక్కడ కూర్చోబెడదామో చెప్పండి."

మేస్త్రి పాప మొహం చూశాడు. పాప హాయిగా ఆవులించింది.

"కొత్త సీటు కొనడానికి దుకాణానికి వెళ్తున్నాం," అంది కోడలు. "మీరూ రండి. కానీ ఒక్క మాట. నేను ఎంచింది మీకు నచ్చకపోతే అక్కడే, నా మొహం మీదే చెప్పాలి. మీరన్నది నాకు నచ్చకపోతే నేనూ చెప్తాను. దుకాణంలో అందరూ మనల్ని చూసి నవ్వినా సరే. అలా అయితేనే ఎక్కండి. నా మాటకి సరేననడానికే అయితే ఇక్కడే ఉండిపోండి."

మేస్త్రి భార్య సంచులు మెట్ల మీద పడేసి చేతులు చాచింది. "పిల్లని ఇటివ్వండి. మీరొచ్చేదాకా ఆస్పత్రి లోపల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. వెళ్లండి మరి, ఏం చూస్తున్నారు?"

సరే అనడం ఆయనకి ఎంతసేపు? జీవితమంతా అదే పని చేశాడు. ప్రేమించిన మనిషి మొహం మీద వద్దని చెప్పడం మాత్రం ఏ రోజూ చేతకాలేదు. నాలుక చివర అదే పాత మాట సిద్ధంగా ఉంది; ఇప్పుడూ అదే అంటే కోడలు వద్దన్న పనే మళ్లీ చేసినట్టు. దాన్ని బయటికి రానివ్వకుండా పళ్లు బిగించి, కోడలి కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు.

కారు ఇంజను మోగుతోంది. మేస్త్రి పాపని ఇవ్వలేదు. కారూ ఎక్కలేదు.